అత్త ఉందన్న ప్రింటు

ఫోను చేసిన మనిషి తన పేరైనా చెప్పకుండా మా మేనత్త బతికి ఉందా అని అడిగాడు.

సరిగ్గా ఆ మాటలతో కాదు. "మేడమ్, మీ మేనత్తగారు బోగోలు పక్క పాళెంలో కదా ఉండేది? ఉన్నారా?" అన్నాడు. గొంతు వయసులో ఉన్నవాడిది. తెలుగులో కాస్త అరవం తగులుతోంది. నేను కృష్ణపట్నం రేవు దగ్గర ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాను. రోజూ ఎవరో ఒకరు ఫోను చేసి, వచ్చిన ఓడ గురించో రాని ఓడ గురించో అడుగుతుంటారు. మా అత్త గురించి అడిగినవాళ్లు అంతవరకు లేరు.

"మీకెందుకు?" అన్నాను.

"ఆమె ఒక పాత సినిమాలో ఉన్నారని విన్నాను. దాని గురించే..."

ఫోను పెట్టేశాను. అప్పుడే తీసిన అన్నం డబ్బా మూత కూడా మళ్లీ పెట్టేశాను. పక్క సీటామె "ఎవరు?" అంటే, "ఎవరో లోను ఇస్తారంట" అన్నాను.

ఆ సినిమా సంగతి మా తీరం దాటి బయటికి పోయిందని నేనెన్నడూ అనుకోలేదు. పోయిందంటే ఎవరో చెప్పి ఉండాలి. నా నంబరు కూడా ఎవరో ఇచ్చి ఉండాలి. సాయంత్రం కంపెనీ బస్సు నెల్లూరు చేరేలోపల, చేపల వేట మీద బతికే మా పాళెంలో నా నంబరు తెలిసిన మనుషులందరినీ గుర్తుచేసుకుని ఒక్కొక్కరినే అనుమానించాను.

ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. కథ మాత్రం అందరికీ తెలిసిన కథే. రాజకుమారుడు మణి కోసం ఓడెక్కి బయల్దేరతాడు. తుఫానులో ఓడ పగిలిపోతుంది. మాంత్రికురాలి దీవికి కొట్టుకుపోతాడు. మా అవ్వల కాలంలో పిల్లల్ని చంకనేసుకుని పోయి చూసిన కథ అది. తర్వాత తర్వాత ఆ రకం జానపదాలకు గిరాకీ పోయింది. కిరీటాలూ కత్తులూ అద్దె దుకాణాల్లో దుమ్ముకొట్టుకుని పడి ఉండేవట. అప్పుడు కొందరు చిన్న నిర్మాతలు ఆ కిరీటాలే దులిపి, ఆ కథలే మళ్లీ తీశారు, పోస్టరు మీద 'పెద్దలకు మాత్రమే' అని వేసి. రాజకుమారుడు మారలేదు, మణి మారలేదు, దీవి మారలేదు. దీవిలో ఉండే ఆడవాళ్ల బట్టలు మాత్రం తగ్గాయి. ఊళ్లలో మార్నింగ్ షోలకు అవే ఆడేవి.

అట్లాంటిదొకటి మా తీరంలో తీశారు. మాంత్రికురాలి దీవి అంటే మా పాళెం వెనక సరుగుడు తోట. నేనప్పటికి పుట్టలేదు. మా నాయన పడవను షూటింగు వాళ్లు బాడుగకు పెట్టుకున్నారు. మా అత్త, అంటే నాయన చెల్లెలు, అప్పటికి పెళ్లికాని పిల్ల. ఆ పడవకు అన్నం మూట తీసుకుపోయేది.

సినిమా హాళ్లకు వచ్చేసరికి అత్తకు పెళ్లయింది, పాళెంలోనే, మా మామతో. అప్పుడు లేచింది మాట. దీవి పాటలో మన పాళెం పిల్ల ఒకతె ఉంది, తడిబట్టల్లో ఉంది, బట్టలు లేకుండానే ఉంది. ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పోయేకొద్దీ ఆ పిల్ల ఒంటి మీద బట్ట తగ్గుతూ వచ్చింది. మామ కావలి పోయి ఆ సినిమా చూశాడు. అందులో అత్త లేదు.

సంగతి అక్కడితో పోవలసింది. "నువ్వు చూసింది కోసేసిన ప్రింటయ్యా, పూర్తి ప్రింటు వేరే ఉంది," అన్నారు. ఆ పూర్తి ప్రింటు బిట్రగుంటలో ఒకే ఒక ఆట ఆడిందని, విరామం తర్వాత పోలీసులొచ్చి రీళ్ల పెట్టె ఎత్తుకుపోయారని కథ. ఆ ఒక్క ఆట చూశామని చెప్పేవాళ్లందరూ పట్టే హాలు జిల్లా మొత్తంలో లేదు.

అత్త తెర మీద కనపడి ఉంటే మామ ఒకసారి అరిచి ఊరుకునేవాడేమో. కనపడకపోవడమే ఆయనకు సాక్ష్యమైంది. ఆ సినిమా ఎక్కడ ఆడుతోందని తెలిసినా, వల నూలు కొనాలనే వంకతో ఆ ఊరికి పోయేవాడు. గూడూరు, ఒంగోలు, ఇంకా దూరాలు. ఒక ఊళ్లో పాట పొట్టిగా ఉండేది, ఇంకో ఊళ్లో తుఫాను పొట్టిగా ఉండేది. అట్లా ఉన్నకొద్దీ ఆయన నమ్మకం బలపడింది. కోసిన చోటల్లా ఏదో ఉండబట్టే కదా కోశారు! తిరిగొచ్చాక అత్త అన్నం పెట్టి, "నూలు దొరికిందా?" అని మాత్రం అడిగేది. "మంచిది దొరకలా," అనేవాడు మామ. వాళ్లిద్దరూ దీని గురించి ఇంతకుమించి ఏనాడూ మాట్లాడుకోలేదని అత్తే నాతో చెప్పింది, చాలా ఏళ్ల తర్వాత.

నేను బిట్రగుంటలో హైస్కూలుకు పోయేదాన్ని. అత్త చేపల గంప నెత్తిన పెట్టుకుని రైల్వే కాలనీకి పోతుంటే, వెంట నడిచేదాన్ని. ఒకరోజు బళ్లో ఒక పిల్ల నవ్వుతూ, "మీ అత్త సినిమా మీ మామకు దొరికిందా?" అంది. సాయంత్రం దారిలో అత్తను అడిగాను. అత్త ఖాళీ గంప ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"ఎవురు జెప్పినారు నీకు?"

"నిజమేనా అత్తా?"

"పొద్దు గుంకతా ఉంది. నడువు."

కాదని చెప్పలేదు. 'కాదు' అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ రోజు నుంచి పాళెంలో అందరితోపాటు నేనూ అత్తను అనుమానించాను. ప్రేమ తగ్గలేదు. కానీ ఆమె తలకు నీళ్లు పోసుకుని జుట్టు విదిలించుకుంటున్నప్పుడు, గబుక్కున తల తిప్పుకునేదాన్ని.

ఇదీ నేను ఫోను పెట్టేయడం వెనకున్న కథ.

వారం తిరగకుండానే ఆ మనిషి మెసేజి పెట్టాడు. 'నేను చెడ్డవాణ్ణి కాదు. మీరు సందేహించడం న్యాయమే. నా దగ్గర ఆ సినిమా పొడుగు ప్రింటు ఉంది.' చెడ్డవాణ్ణి కాదని ముందే చెప్పుకునేవాళ్లంటే నాకు భయం. కానీ చివరి మాట చదివాక ఊరుకోలేకపోయాను. అది నిజంగా ఉంటే, లోకమంతా చూడకముందు మా ఇంటి మనిషి ఒకరు చూడటం మేలు. నెల్లూరు బస్టాండు ఎదుట టీ హోటలుకు రమ్మన్నాను, పట్టపగలు, జనం ఉండే వేళకు.

ముప్పై దాటిన మనిషి. సూళ్లూరుపేట వైపు వాడు. చెన్నైలో పాత సినిమాలను శుభ్రం చేసి కంప్యూటరులోకి ఎక్కించే చోట పనిచేస్తాడట. ఆఫీసులో చేసేవి పేరున్న సినిమాలు. సెలవు రోజుల్లో సొంతంగా ఇట్లాంటివి వెతుకుతాడట.

"వీటిని ఎవరూ దాచరక్కా," అన్నాడు. "తీసిన నిర్మాతే నాది కాదంటాడు. వేషం వేసినవాళ్లు మాది కాదంటారు. రీళ్లు పాతసామాన్ల వాడికి పోతాయి."

"పోతే పోనీ. మీకేం నష్టం?"

"పిల్లలకు చెప్పే కథని పెద్దలకని తిప్పి తీసినారు కదా, ఆ తిప్పడంలో ఏం మారింది, ఏం మారలేదు అని నాకు ఆశ."

ఆ ఆశ ఎట్లాంటిదో నాకు అర్థం కాలేదు. అతను ఓపిగ్గా చెప్పుకుపోయాడు. సెన్సారుకు చూపించింది ఒకటి, హాలుకు వచ్చింది ఒకటి. హాలువాళ్లు వేరే సినిమాల ముక్కలు తెచ్చి అతికించేవి, బిట్లు అంటారే, అవి వేరు. అందుకే ఇట్లాంటి ప్రతి సినిమాకూ ఎక్కడో పూర్తి ప్రింటు ఉందని పుకారు ఉంటుందట. వెతుక్కుంటూ పోతే చాలావరకు ఏమీ ఉండదు. ఇది మాత్రం తమిళనాడులో మూసేసిన ఒక హాలు సామాన్లలో దొరికింది.

"అందులో ఏముంది?"

"అమ్మగారు చూడకముందు నేను చెప్పకూడదు."

"ఫోటో చూపించండి."

"లేదక్కా. ఆమె చూసినాకే."

ఇది మర్యాదో ఎరో తేల్చుకోలేకపోయాను. మా అత్త సంగతి ఎట్లా తెలిసిందని అడిగాను. ఆ సినిమాకు మేకప్ చేసిన ముసలాయన 'బోగోలు పిల్ల' అన్నాడట. ఆ రెండు మాటలు పట్టుకుని బిట్రగుంట దాకా వచ్చాడు.

"మరి నా నంబరు?"

"రైల్వే కాలనీ కాడ చేపలమ్మే ఒకామె ఇచ్చింది. ఆమెవరో నాకు తెలీదు, ఉందో లేదో కూడా తెలీదు, మేనకోడలు రేవులో ఉద్యోగం చేస్తా ఉంది, ఆ పిల్లనడుగు, అనింది."

"ఎట్లా ఉంటుందామె?"

"పెద్దామె. రెండు ముక్కుపుడకలు. మాట్లాడతానే వంజరం ముక్కలు కోసి నాకంటగట్టింది."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. బస్సులో నేను అనుమానించిన మనుషుల్లో అత్త లేదు. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

ఆ ఆదివారం పాళెం పోయాను. అత్త పెరట్లో నీడన కూర్చుని ఎండబెట్టడానికి చేపలు చీరుతోంది. మామ అరుగు మీద వల కాలి బొటనవేలికి తగిలించుకుని చిరుగులు కుడుతున్నాడు. ఆయన సముద్రం మీదికి పోవడం మానేసి కొన్నేళ్లయింది.

"ఆ మనిషి నీ దగ్గరికొచ్చినాడంట గదా," అన్నాను మెల్లగా.

"ఎవురు?"

"అత్తా."

కత్తి ఆపి నా వైపు చూసింది. "వచ్చినాడు. మంచోడేనా?"

"నాకేం తెలుసు? నువ్వు కదా పంపింది."

"నీకు చదువుండాది. చూస్తే కనుక్కుంటావేమోనని పంపినా."

"కనుక్కోలేకపోయినా."

అత్త నవ్వింది. అరుగు మీద మామ చేతిలో వల కుట్టే కర్ర ఆగిపోవడం నాకు తెలిసింది.

"ఏందమ్మే అది? ఏం దొరికినాది?" అన్నాడు మామ. ఆ ఇంట్లో ఆ ప్రశ్న పైకి వినపడటం అదే మొదటిసారి.

"ప్రింటు మామా. పొడుగుదంట."

మామ వల మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. అత్త చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది.

"చూస్తా. వాళ్లూ వీళ్లూ చూడ్డం కాదు, నేనే చూస్తా," అంది. ఆ తర్వాత మామ వైపు తిరిగింది. "నువ్వు గూడా రా. ఊరూరూ తిరిగినావు గదా ఇన్నేండ్లు. ఇది నెల్లూరే, దగ్గిరే."

అతని అక్కగారి ఇల్లు నెల్లూరులోనే. తర్వాతి ఆదివారం ఉదయం అక్కడికి పోయాం. మామ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. గేటు దాకా వచ్చి ఆగాడు.

"మీరు పోండి. నేను టీ తాగొస్తా."

"ఇంట్లో ఇస్తారు మామా."

"అంగట్లో తాగతా."

అత్త ఆయన వైపు ఒకసారి చూసి లోపలికి నడిచింది. తలుపు తీసిన మనిషి ఆమెను చూసి, "మీరా అమ్మా!" అని నోరు తెరిచాడు.

"నేనే. బేరం టయిములో వచ్చినావు. ఏం జెప్పేది?" అంది అత్త.

ఆ ఇంటి పిల్లలను ఎక్కడికో పంపినట్టున్నారు. టీవీకి కంప్యూటరు తగిలించి పెట్టాడు. "మొత్తం పెట్టనా అమ్మా, మీరున్న ముక్కే పెట్టనా?" అని అడిగాడు.

"మొదట్నించి పెట్టు. నేను ఇంతవరకు చూడలా."

ఊరంతా చూశామని చెప్పుకున్న సినిమాను ఆమె చూడలేదు.

సినిమా మొదలైంది. రంగులు గులాబీగా వెలిసిపోయాయి. గీతలు వానలా పడుతున్నాయి. అట్టతో చేసిన ఓడ. రాజకుమారుడి కిరీటం జారిపోతుంటే మాట్లాడుతూనే సర్దుకున్నాడు. సరుగుడు తోట రాగానే అత్త ముందుకు వంగింది. "అదిగో, మన తోటే. ఇప్పుడాడ రొయ్యల గుంటలు గదా," అంది. దీవి పాట వచ్చినప్పుడు అతను లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. అందులో ఏముందో రాయనక్కర్లేదు. పోస్టరు మీద రాసిందే ఉంది. అందులో అత్త లేదు. అత్త మాత్రం తెర నుంచి చూపు తిప్పకుండా, "పాపం ఆ పిల్లకి ఆ దినం జొరం. ఎట్టా వణికిందో," అంది.

అంటే ఆ పాట తీసినప్పుడు అక్కడ ఉంది. అన్నం మూట ఇచ్చి వచ్చేసే పిల్ల అక్కడ ఎందుకు ఉంది?

తుఫాను వచ్చింది. ఓడ విరిగింది. నాయిక సముద్రంలోకి దూకింది.

అతను కిటికీ దగ్గరి నుంచి వచ్చి కింద కూర్చున్నాడు. "బయటికొచ్చిన ప్రింట్లలో ఇక్కడ కోసేసినారు. దూకగానే ఒడ్డు చూపిస్తారు," అన్నాడు.

ఇందులో కోయలేదు. పాట లేదు, మాట లేదు, అసలు శబ్దమే లేదు. ఒక ఆడపిల్ల ఈదుతోంది. ఎర్ర రవిక, పసుప్పచ్చ గుడ్డ గోచీలా బిగించి కట్టి ఉంది. కెమెరా దూరంగా పడవలో ఉన్నట్టుంది, ఊగుతోంది. పెద్ద అల లేచింది. ఆ పిల్ల తల వంచి దాని కిందికి దూరింది. చాలాసేపు నీళ్లే కనపడ్డాయి. తర్వాత అలకు అవతల తల పైకి లేచింది. చెయ్యి తర్వాత చెయ్యి వేస్తూ పోతూనే ఉంది. ఎక్కడా తొందర లేదు. చివరన ఒకసారి పడవ వైపు తిరిగింది. ఎవరో పిలిచి ఉంటారు. నోరంతా తెరిచి నవ్వుతోంది.

ఆ పై పళ్ల వరస మా ఇంటిది. నాకూ అదే ఉంది.

"నేనే," అంది అత్త. గట్టిగానే అంది, ఎవరో కాదని వాదించినట్టు.

ఆ వెంటనే ఒడ్డు వచ్చింది. నీళ్లలోంచి ఒకామె లేచి పోతోంది, వీపు మాత్రమే కనపడుతోంది. గుడ్డ జారుతోంది. ఆమె వెనక్కి తిరగలేదు.

"అది నేను గాదు," అంది అత్త.

ఎవరూ అడగలేదు. అతను చప్పున, "రంగు తేడాగా ఉందమ్మా. తర్వాతెప్పుడో అతికించిన ముక్కయ్యుంటుంది," అన్నాడు. నేను తెర మీది వీపునూ, పక్కన కూర్చున్న అత్తనూ చూశాను. ఇన్నేళ్ల తర్వాత దేన్ని దేనితో పోల్చగలను?

సినిమా అయ్యాక అతని అక్కగారు కాఫీ ఇచ్చింది. అత్త గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తనంతట తనే చెప్పింది. మద్రాసు నుంచి వచ్చిన నాయికకు ఈత రాదు. అలలు చూసి ఏడ్చింది. డైరెక్టరు పాళెం మగపిల్లలకు చీర కట్టి దూకించి చూశాడు. వాళ్లు మగవాళ్లలాగే ఈదారు. పడవ దగ్గర అన్నం మూట పట్టుకుని నిలబడ్డ అత్త, నాకొచ్చు అంది. కాలువలో ఎవరూ చూడని వేళల్లో నేర్చుకున్న ఈత.

"మీ నాయన కొట్టబోయినాడు. ఆయన్ని ఆపేసి, డైరెక్టరు ఆ పిల్ల బట్టలు నాకిచ్చినాడు. అలల్దాటి రెండు తూర్లు ఈదినా. పడవలో ఉన్నోళ్లంతా చప్పట్లు కొట్టినారు. మీ నాయన గూడా కొట్టినాడు. ఆనక ఇంట్లో చెప్తే కాళ్లిరగ్గొడతానన్నాడు. చూసిన మన పాళెమోళ్ల కాడ గూడా ఎవురికీ చెప్పబోమని ఒట్టేయించుకున్నాడు."

"ఇంతేనా? మరెందుకు దాచినావు?" అన్నాను. నాకు తెలియకుండానే గొంతు పెరిగింది. "ఊరంతా అంత మాట అంటా ఉంటే, ఈదింది నేనని ఒక్క మాట చెప్పుంటే పోయేది కదా?"

అత్త నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

"మన పాళెంలో ఆడది పడవ మీద కాలు పెడితేనే తిట్టేవోళ్లు. పెండ్లిగాని పిల్ల సముద్రంలో దిగి అలల్దాటి ఈదిందంటే? ఆ ఏడు చేపల ఏట బాగలా. ఒక్కో ఇంట్లో పొయ్యి గూడా ఎలగలా. ఎవురి నెత్తిన పెట్టేవోళ్లు?"

"అందుకని ఈ మాట పడినావా?"

"ఇది నోటి మాటమ్మే. ఆడికీ ఈడికీ తిరిగి పోద్ది. అది కడుపు మీద మాట. మా ఇంటి గడప ఎవురూ తొక్కేవోళ్లు గాదు."

అత్త ఖాళీ గ్లాసు కింద పెట్టింది. కాసేపటికి అతను, సినిమా గురించి రాసేచోట మీ పేరు వేయనా అమ్మా అని అడిగాడు. వద్దంది. ఈత ఉన్న ముక్క మాత్రం మామ ఫోనుకు పంపమంది. అది బయట ఎక్కడా పెట్టకూడదని నేను మాట తీసుకున్నాను. ఒట్టు అక్కా అన్నాడు. ఈ రోజుకీ వారానికోసారి ఆ సినిమా పేరు ఫోనులో కొట్టి చూస్తాను. ఇంతవరకు ఎక్కడా రాలేదు. అయినా చూస్తాను.

మామ గేటు బయట సైకిలు రిపేరు కొట్టు నీడన నిలబడి ఉన్నాడు. ఏముందని అడగలేదు. "ఎండగా ఉండాది, ఆటో పిలుస్తా," అన్నాడు అంతే.

మళ్లీ పాళెం పోయేసరికి ఇంట్లో మాటల్లేవు. అత్త అన్నం వడ్డించి గోడ వైపు తిరిగి కూర్చుంటోంది. మామ నన్ను చూడగానే ఫోను చేతికిచ్చాడు.

"నువ్వు జెప్పమ్మే. ఇది మీ అత్తా? ఇంతదూరం ఈదేది మీ అత్తా? కట్టుకున్నాక ఒక్క దినం మోకాటి లోతుకి దిగింది నేను చూడలా."

"మొహం చూడు మామా."

"చూసినా. కాదు."

"కాదంట!" అంది అత్త గోడతో. "ఇన్నేండ్లు అందులో ఉండావు ఉండావు అని లోపల్లోపల కాల్చుకు తిన్నాడు. అప్పుడు నేను లేను. ఇప్పుడు ఉండా, చూడు అంటే, నువ్వు కాదు పో అంటాడు."

ఆమె కళ్లు తుడుచుకోవడం ఆ రోజే చూశాను. పాళెమంతా అన్న మాటలకు రాని కన్నీళ్లు ఆ ఒక్క మాటకు వచ్చాయి. ఆమె జీవితంలో చేసిన పెద్ద పని అది. దాన్ని చూపిస్తే మొగుడు నమ్మలేదు.

మామ ఫోను తిరిగి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఇంకోసారి చూశాడు. తర్వాత అరుగు మీద నుంచే అడిగాడు.

"గాలి ఏ పక్క నించి?"

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అడగతా ఉండా. ఆ దినం గాలి ఏ పక్క?"

"దచ్చిణం గాలి," అంది అత్త ఇటు తిరగకుండా.

"మీయన్న పడవ యాడ నిలిపినాడు?"

"అలలకవతల. లంగరెయ్యలా. తెడ్లేసి పట్టుకోనుండారు."

"నీటి లాగుడుండాదా?"

"ఉండాది. ఉత్తరానికి లాగింది. అందుకే ఏటవాలుగా పోయినా. చూడు, తల ఎట్టుందో."

మామ చూశాడు. వేలితో తెర మీద ఆపబోయి, చేతకాక నాకిచ్చాడు. నేను ఆపి ఇచ్చాను. ఆ ఆగిన బొమ్మను చాలాసేపు చూశాడు.

"దచ్చిణం గాలిలో, లాగుడు నీళ్లలో దిగినావా? ఎవుడు దిగమన్నాడే నిన్ను? మీయన్నకి బుద్ధి లేదా? చచ్చుంటే?"

"చావలేదు గదా."

"చచ్చుంటే అంటా ఉండా."

"చచ్చుంటే నీకీ తిరుగుడు తప్పుండేది," అంది అత్త. కానీ అప్పటికి గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. మామ ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, మీయన్న కనపడితే అడగతా అని, మా నాయన పోయి చాలా ఏళ్లయిందన్నది మరిచిపోయి. అత్త లేచి పోయి ఆయన పళ్లెంలో ఇంకాస్త పులుసు పోసింది.

ఆ తర్వాత మామ ఆ ముక్క పాళెంలో చాలామందికి చూపించాడని విన్నాను. ఇప్పుడు ఈత తప్పని అనేవాళ్లు లేరు. వయసు పిల్లలు అత్తను చూసి దండం పెట్టి నవ్వుతున్నారట. బిట్రగుంటలో మాత్రం, అది అసలు ప్రింటు కాదని, అసలుది కొలంబోలో ఉందని కొత్తమాట పుట్టింది. అత్త ఆ మాట నాకు తనే ఫోనులో చెప్పి, పడీపడీ నవ్వింది.

పోయిన నెలలో మామ నా ఆఫీసుకు ఫోను చేశాడు. ఆయన నాకు ఎప్పుడూ చెయ్యడు. ముందు ఆరోగ్యం అడిగాడు, ఎండలడిగాడు. ఆనక గొంతు తగ్గించాడు. అత్త పక్కన లేని వేళ చూసి చేసినట్టున్నాడు.

"అమ్మే, ఆ పిల్లోడి దగ్గిర ఈతకి ఎనకాల ఇంకేమన్నా ఉండాదా? ఈ ముక్క ఉన్నట్టుండి తెగిపోయినట్టుండాది."

ఒడ్డు మీద నీళ్లలోంచి లేచిన వీపు నాకు గుర్తొచ్చింది. అడక్కుండానే అత్త కాదన్న మాట కూడా గుర్తొచ్చింది. ఆ మాట ఎందుకంత తొందరగా అందో నాకు ఇప్పటికీ తెలియదు.

"లేదు మామా. ఇంతే," అన్నాను.

"ఇంతేనా?"

"ఇంతే."

"సరేలే," అన్నాడు. కానీ ఫోను పెట్టలేదు. ఆయన ఊపిరి వినపడుతూనే ఉంది. కిటికీ అవతల బొగ్గు ఓడ ఒకటి రేవులోకి మెల్లగా వస్తోంది. నేను కూడా పెట్టలేదు.